మేస్త్రీ మానేస్తే షాపులో ఏం మిగులుతుంది?

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఒక చిన్న లేత్ షాపు. బోర్డు మీద యజమాని పేరుంటుంది, మిషన్ల మీద బ్యాంకు అప్పుంటుంది, షెడ్డుకు బీమా ఉంటుంది. ఏ మెటల్‌కు టూల్ ఎలా పట్టాలి, ఏ పార్టీ డ్రాయింగులో ఒకటి రాసి సరుకు చేతికొచ్చాక ఇంకొకటి అడుగుతుంది, వానాకాలంలో ఆ పాత మిషను ఎందుకు మొరాయిస్తుంది... ఇవన్నీ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న మేస్త్రీ బుర్రలో ఉంటాయి. ఆయన ఒక సోమవారం పక్క వీధి షాపుకు మారిపోయాడనుకోండి. బోర్డూ మిషన్లూ అప్పూ ఎక్కడివక్కడే ఉంటాయి. తిరిగొచ్చే పీసులు పెరుగుతాయి, ఇస్తానన్న తారీఖు దాటిపోతుంది, కొన్నాళ్లకు పాత పార్టీ కూడా మేస్త్రీని వెతుక్కుంటూ పక్క వీధికి వెళ్లిపోతుంది.

పెద్ద కంపెనీలు దీనికి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టాయి. దానికోసం విభాగాలు ఏర్పాటు చేస్తాయి, సాఫ్ట్‌వేర్లు కొంటాయి. పది మంది పనిచేసే షెడ్డు యజమాని ఆ మాట వింటే ‘అది మన స్థాయిది కాదులే’ అనుకుంటాడు. కానీ వెయ్యి మంది ఇంజినీర్లున్న చోట ఒకరు వెళ్లిపోతే పని తెలిసినవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. పది మంది ఉన్న చోట పని పూర్తిగా తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికి జ్వరమొస్తే ఆ వారం ఆదాయం పడిపోతుంది.

ప్రభుత్వం చిన్న పరిశ్రమను రెండు కొలతలతో చూస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, ఏడాది టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవర్ వరకు చిన్న సంస్థ. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు అడిగే కాగితాల్లోనూ ఆస్తులు, అమ్మకాలు, బాకీల గురించే ఉంటుంది. ఈ షాపులో పని తెలిసినవాళ్లు ఎందరు, వాళ్లలో ఒకరు లేకపోతే ఎన్ని రోజులు ఆగిపోతుంది అన్న ప్రశ్న ఉండదు. షాపు మునిగేదీ తేలేదీ చాలాసార్లు ఆ ప్రశ్న దగ్గరే.

జ్ఞానాన్ని చక్కగా పంచుకునే సంస్థలు బాగా రాణిస్తాయని చెప్పే అధ్యయనాలకు ప్రపంచంలో కొదవ లేదు. వాటిలో చాలా భాగం యజమానులకు ప్రశ్నల జాబితా ఇచ్చి, వాళ్లు చెప్పిన జవాబులతో తేల్చినవి. ఎలాగూ బాగా నడుస్తున్న షాపులో పనివాళ్ల మధ్య మాటామంతీ కూడా బాగానే ఉంటుంది. ఏది కారణమో, ఏది ఫలితమో వాటిలో విడదీయడం కష్టం. ఆ చిక్కును దాటిన ప్రయోగం ఒకటి మన దేశంలోనే జరిగింది.

ముంబై పక్కన 28 మిల్లులు

ముంబైకి ఉత్తరాన తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతాల్లో బట్టలు నేసే మిల్లులు చాలా ఉన్నాయి. అన్నీ కుటుంబాల చేతుల్లో నడిచేవే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ప్రపంచ బ్యాంకులకు చెందిన ఆర్థికవేత్తలు నికొలస్ బ్లూమ్, డేవిడ్ మెకంజీ తదితరులు 2008లో అక్కడ 17 సంస్థలకు చెందిన 28 మిల్లులను ఎంచుకున్నారు. కొన్ని మిల్లులకు ఐదు నెలల పాటు ఉచితంగా నిపుణుల్ని పంపారు. మిగతావాటికి ఒక నెల పరిశీలనతో సరిపెట్టారు. ఏ సంస్థకు ఏది దక్కాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి, ఆ తర్వాత కనిపించిన తేడా ఆ సాయం వల్లనే వచ్చిందని చెప్పే వీలు కలిగింది.

ఆ నిపుణులు కొత్త మగ్గాలు తేలేదు. 38 రకాల పద్ధతులు తెచ్చారు. వాటిలో చాలావరకు చూడటానికి మామూలువి. ఏ రోజు ఏ మగ్గం మీద ఏ రకం లోపం వచ్చిందో రాయడం, రోజూ ఉదయం ఆ కాగితం ముందు పెట్టుకుని బాధ్యులు మాట్లాడుకోవడం, గోదాములో నూలు మూటలకు చీటీలు కట్టి ఏది ఎక్కడుందో నమోదు చేయడం, మగ్గం ఆగిపోకముందే బాగుచేసే రోజు ముందే నిర్ణయించుకోవడం. అంతవరకు మూటలు పేరూ ఊరూ లేకుండా గుట్టలుగా పడి ఉండేవి. ఏ గుట్టలో ఏముందో గోదాము మనిషికి తెలుసు. ఆయన సెలవు పెడితే తెలియదు.

మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. లోపాలు తగ్గాయి, నిల్వలు తగ్గాయి. మూడేళ్లలో ఆ సంస్థలు కొత్త మిల్లులు కూడా తెరిచాయి. 2013లో అచ్చయిన ఈ అధ్యయనంలో నన్ను కట్టిపడేసిన విషయం ఇంకొకటి ఉంది. సంస్థ ఎంత పెద్దదైందన్నది అది ఎంత బాగా నడుస్తోందన్న దానికన్నా, యజమాని కుటుంబంలో మగవాళ్లు ఎంతమంది ఉన్నారన్న లెక్కతోనే ఎక్కువ ముడిపడి ఉంది. ఇద్దరు కొడుకులుంటే రెండు మిల్లులు, ముగ్గురు తమ్ముళ్లుంటే మరో మూడు. బయటివాడికి తాళాలు ఇవ్వలేరు, బయటివాడికి లెక్కలు చెప్పలేరు. పని ఎలా నడుస్తుందో కాగితం మీద లేనప్పుడు నమ్మకస్తుడైన మనిషి ఒక్కడే దిక్కు. కాగితం మీద ఉంటే యజమాని బయటివాడి పనిని కూడా పట్టి చూడగలడు, అందుకని బయటివాణ్ణి నమ్మగలడు. సంస్థ ఎదుగుదల కొడుకుల సంఖ్య దగ్గర ఆగిపోవడం మన కోస్తా, తెలంగాణ పట్టణాల వ్యాపార వీధులు తెలిసినవాళ్లకు కొత్త కాదు.

ఆ పరిశోధకులు దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూశారు. అప్పట్లో మొదలుపెట్టిన పద్ధతుల్లో సుమారు సగం మానేశారు. కారణాల్లో ముఖ్యమైనది, నేర్చుకున్న మేనేజర్ వెళ్లిపోవడం. ఇంకొకటి, యజమానికి తీరిక లేకపోవడం. అయినా సాయం అందిన మిల్లులకూ అందనివాటికీ మధ్య తేడా ఇంకా మిగిలే ఉంది.

చెప్పలేనిది నేర్చుకోవడం

లోపాల చీటీ రాయొచ్చు. పిండి ఎలా పిసకాలో రాయగలమా? 1980ల మధ్యలో జపాన్‌లో మత్సుషితా కంపెనీ ఇంట్లోనే రొట్టె చేసే యంత్రం తయారు చేయబోయి ఇక్కడే చిక్కుకుంది. పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకాలోని ఒక పెద్ద హోటల్లో రొట్టెల ఉస్తాదు దగ్గర శిష్యరికానికి చేరింది. ఆయన పిండిని సాగదీస్తూ అదే ఊపులో మెలితిప్పుతున్నాడని ఆమె కనిపెట్టింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పి ఉండడు, తాను అలా చేస్తున్నట్టు ఆయనకు ప్రత్యేకంగా తోచి కూడా ఉండదు. ఆమె వచ్చి ఇంజినీర్లతో కూర్చుని, ఆ మెలిక వచ్చేలా గిన్నె లోపల అంచులు పెట్టించింది. 1987లో ఆ యంత్రం మార్కెట్లోకి వచ్చి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఇకుజిరో నొనాకా అనే ఆచార్యుడు 1991లో ఈ కథతోనే జ్ఞాన నిర్వహణ అనే శాస్త్రానికి ఒక రూపం ఇచ్చాడు.

ఒసాకా కథ ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చేరింది. ఆలేరు దగ్గరి శారాజీపేట కథ కూడా అక్కడ ఉండాల్సిందే. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధవృత్తంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో ఒక్కో వరసే తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ కదులుతుంది, నాలుగైదు గంటలు పడుతుంది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1992లో యంత్రం మొదలుపెట్టాడు. చదువు ఆరో తరగతితో ఆగిపోయినవాడు. ముందు అమ్మ చెయ్యి ఎలా కదులుతుందో చూడాలి, ఆ కదలికను ముక్కలు చేయాలి, ఒక్కో ముక్కకూ ఒక భాగం తయారు చేయాలి. తనాకా చేసినదీ అదే. అయితే తనాకా వెనక పెద్ద కంపెనీ ఉంది. మల్లేశం వెనక అప్పులున్నాయి, ఊళ్లోవాళ్ల మాటలున్నాయి. చివరి భాగం ఎంతకీ కుదరక ఆగిపోయి, హైదరాబాద్‌లో బతుకుతెరువు పనుల్లో ఉండగా బాలానగర్‌లో ఒక యూనిట్‌లో నడుస్తున్న యంత్రం కదలిక ఆయన కంటబడింది. తనకు కావలసింది అదేనని గుర్తుపట్టాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది.

ఈ కథను ఎప్పుడూ పట్టుదల కథగానే చెప్తాం. పట్టుదలతో పాటు అందులో ఇంకోటి ఉంది. ఆలేరులో తెలిసినదీ బాలానగర్‌లో తెలిసినదీ ఒక మనిషిలో కలిశాయి. ఆ కలయిక యాదృచ్ఛికంగా జరిగింది కాబట్టి ఏడేళ్లు పట్టింది. మగ్గాల ఊళ్లకూ లేత్ షాపుల పేటలకూ మధ్య దూరం బస్సులో రెండు గంటలు. ఆ రెండు చోట్లవాళ్లు కూర్చుని మాట్లాడుకునే వేదిక మాత్రం లేదు. గ్రామాల్లోని ఇలాంటి ఆవిష్కర్తల్ని వెతికి వెలుగులోకి తెస్తున్న పల్లెసృజన వంటి సంస్థలు ఆ లోటును కొంత పూడుస్తున్నాయి, కానీ అది స్వచ్ఛంద సంస్థలకు మాత్రమే వదిలేయాల్సిన పని కాదు.

డబ్బు రాశాం, పని రాయలేదు

మన దుకాణాల్లో రాసే అలవాటు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. చిట్టా, ఆవర్జా, రోకడ పుస్తకం తరతరాలుగా రాస్తూనే ఉన్నాం. ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి మరీ మొదలుపెడతాం. ఆ పుస్తకాల్లో ఉన్నదంతా డబ్బు. ఎవరికి ఎంత అరువిచ్చామో ఉంటుంది, పోయిన వేసవిలో ఫలానా బ్యాచ్ ఎందుకు చెడిపోయిందో ఉండదు.

పచ్చళ్ల యూనిట్‌నే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో, గుంటూరు చుట్టుపక్కల, హైదరాబాద్ కాలనీల్లో ఇళ్లల్లో మొదలై విదేశాలకు పార్సిళ్లు పంపే దాకా ఎదిగినవి ఎన్నో ఉన్నాయి. ఇంట్లో రెండు జాడీలు పెట్టినప్పుడు అమ్మమ్మ చెయ్యి చాలు. రెండు వందల కిలోలు పెట్టేటప్పుడు అదే చెయ్యి రెండు వందల కిలోలనూ కలపలేదు. కాయ ఏ రకం, ఏ ఊరి తోటది, కోసి ఎన్ని గంటలైంది, ముక్కలు తుడిచి ఆరబెట్టినప్పుడు మబ్బుగా ఉందా ఎండగా ఉందా, కారం ఏ మిర్చిది, ఉప్పు కిలోకు ఎంత పడింది, నూనె ఏ గానుగది, ఎవరు కలిపారు, మూడో నెలలో రంగు ఎలా ఉంది, ఎవరు ఏమని ఫోన్ చేశారు. ఇవి ఒక పేజీకి మించవు. రెండు మూడు వేసవులు ఇలా రాస్తే ఆ పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకు, బూజు పట్టిన బ్యాచ్‌లన్నీ ఏ రోజుల్లో పెట్టినవో, ఏ కాయతో పెట్టినవో కనబడుతుంది. అంతవరకు ‘ఈసారి ఎందుకో కుదర్లేదు’ అన్న మాటే మిగులుతుంది.

రాయడం రానివాళ్లు మాట్లాడొచ్చు. ఈ రోజుల్లో మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతున్నది అదే. బండి చప్పుడు రికార్డు చేసి పంపిస్తారు. ఇంకో ఊరి మేస్త్రీ విని వాయిస్ మెసేజ్‌లో జవాబిస్తాడు. ఆ గ్రూపుల్లో పోగవుతున్న విద్య విలువ ఏ శిక్షణ సంస్థ పుస్తకానికీ తీసిపోదు. ఫోన్ పోతే అదీ పోతుంది, అది వేరే బాధ. నెలకోసారి పనికొచ్చే మెసేజ్‌లను పక్కన దాచి, వాటికి బండి పేరూ జబ్బు పేరూ పెట్టే కుర్రాడు ఒకడుంటే ఆ షెడ్డుకు అంతకన్నా గ్రంథాలయం అక్కర్లేదు.

మెకానిక్ షెడ్లలో ఆ అవసరం పెరిగింది కూడా. 1966 నుంచి ఉన్న విజయవాడ ఆటోనగర్‌లో తరాల మేస్త్రీలు ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. పొగ గొట్టంలో ఫిల్టర్లు, వాటికి సెన్సర్లు, వాటిని చదవడానికి స్కానర్లు. చెవి ఒక్కటే సరిపోని కాలం వచ్చింది. తెర మీద కోడ్ వస్తుంది, ఆ కోడ్ అసలు జబ్బా లేక తీగ తెగిందా అన్నది తేల్చడానికి మళ్లీ అనుభవమే కావాలి. స్కానర్ పట్టగల కుర్రాడికి ఇంజిన్ తెలియదు, ఇంజిన్ తెలిసిన పెద్దాయనకు స్కానర్ చిరాకు. ఈ ఇద్దర్నీ ఒకే బండి దగ్గర కూర్చోబెట్టిన షెడ్డుకు పని దొరుకుతుంది.

నేర్పితే నాకేంటి?

‘ఇలా ఎందుకు చేశారు మేస్త్రీ గారూ?’ అని హెల్పర్ అడుగుతాడు. ‘చూస్తూ ఉండరా, నీకే తెలుస్తుంది’ అంటాడు మేస్త్రీ. యజమానులు దీన్ని పాతకాలపు గుట్టు అంటారు, పిసినారితనం అంటారు. మేస్త్రీ వైపు నిలబడి చూస్తే అది లెక్క.

చాలా షాపుల్లో మేస్త్రీకి పీసు లెక్కన కూలి. హెల్పర్‌కు చూపిస్తూ గంట గడిపితే ఆ గంట కూలి పోతుంది. కుర్రాడి చేతిలో పీసు పాడైతే మాట పడేదీ మేస్త్రీయే. తీరా వాడు నేర్చుకున్నాక, తక్కువ జీతానికి దొరుకుతాడని యజమాని వాణ్ణే ముందు పెడితే ముసలి మేస్త్రీ గతేంటి? తనకు తెలిసింది తన ఒక్కడికే తెలిసుండటమే ఆయనకున్న పెన్షను. దాన్ని ఊరికే ఇచ్చేయమంటే ఎవరిస్తారు?

ప్రభుత్వ పథకాలు చాలావరకు నేర్చుకునేవాడి వైపే ఉన్నాయి. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో కుర్రాడి స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం భరిస్తుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులవారికి శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా ఇస్తారు. మంచివే. షాపు నేల మీద నిలబడి నేర్పే మేస్త్రీ పోగొట్టుకునే పీసు కూలి సంగతి మాత్రం యజమానే చూసుకోవాలి. వారానికి ఒక పూట నేర్పే పూటగా ఖాయం చేసి, ఆ పూటకు సగటు కూలి కట్టివ్వడం, ఆ పూట పాడైన పీసులు ఎవరి ఖాతాలోనూ వేయకపోవడం, నేర్చుకున్న కుర్రాడు నిలదొక్కుకుంటే మేస్త్రీకి అదనంగా ఇవ్వడం. జ్ఞాన నిర్వహణ గురించి నేను చదివిన పుస్తకాలన్నింటికన్నా ఈ మూడు షరతులే చిన్న షాపుకు ఎక్కువ మేలు చేస్తాయని నా నమ్మకం. చెప్పినందుకు నష్టపోయే చోట ఎవరూ చెప్పరు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా అందులోకి ఎక్కేది అక్కర్లేని సమాచారమే.

యజమానికీ ఒక భయముంది, అదీ న్యాయమైనదే. అన్నీ రాసిపెడితే ఎవరైనా ఎత్తుకుపోరా? పోచంపల్లిని చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. అక్కడి డిజైన్ గ్రాఫ్ కాగితం మీద ఉంటుంది. కాగితం మీద ఉన్నది కాబట్టి మిల్లులు దాన్ని తీసుకుని బట్ట మీద అచ్చేసి చవగ్గా అమ్ముతున్నాయి. నూలును ఎక్కడ ఎంత బిగించి కడితే రంగు అంచు ఎలా పాకుతుందో తెలిసిన చెయ్యిని మాత్రం ఎత్తుకుపోలేకపోయాయి. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడే చట్టం. రాయగలిగినదాన్ని రాసి చట్టంతో కాపాడుకోవాలి, రాయలేనిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. రెండోది ఆగిపోతే మొదటిది కాగితంగానే మిగులుతుంది.

ఆగిపోతే ఏమవుతుందో ఏటికొప్పాకకు తెలుసు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో, లక్కతో బొమ్మలు చేసే ఊరు. రసాయన రంగులు రాగానే ఆకులు, వేళ్లు, గింజల నుంచి రంగు తీసే పద్ధతులు వాడుకలోంచి జారిపోయాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు ఆ రసాయనాలు పనికిరావని తేలేసరికి, పాత విద్యను తిరిగి తెచ్చుకోవడానికి సి.వి.రాజు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేయాల్సి వచ్చింది. ఏ మొక్క ఏ రంగు ఇస్తుంది, లక్కలో ఎలా నిలుస్తుంది అన్నది మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఆ కృషి ఫలించింది. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. ప్రతి ఊరికీ అలాంటి మనిషి దొరకడు.

మేస్త్రీ అని పిలవనివాళ్లు

ఇంతసేపూ మేస్త్రీ అన్నప్పుడల్లా మీ కళ్ల ముందు ఒక మగమనిషే కదిలి ఉంటాడు. ఆసు పోసేది ఆడవాళ్లు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద గుడ్డను పిండినీళ్లలో ముంచి ఒక్క లాగు లాగి, కాగితం కన్నా పల్చని రేకు తీసేదీ ఆడవాళ్లే. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిండినీళ్లు ఎంత చిక్కగా ఉండాలి, మంట ఎంత ఉండాలి అన్న సంగతి ఆ చేతులకే తెలుసు. పచ్చళ్ల యూనిట్‌లో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసి చెప్పేదీ వాళ్లే. ఆ పనిని ఇంటిపని కొనసాగింపుగానే చూస్తాం. మగ్గం ఉన్న ఇంట్లో ఆసు కూలి విడిగా ఎవరూ లెక్కించరు, చీర ధరలో కలిసిపోతుంది. పూట కూలికి పచ్చడి కలిపే అమ్మకు ‘నువ్వు చెప్పిన పాళ్ల వల్ల ఈ ఏడు ఒక్క డబ్బా వెనక్కి రాలేదు’ అని చెప్పేవాళ్లుండరు, అందుకు తగ్గట్టు రేటూ పెరగదు. వచ్చే వేసవికి రోజుకు ఇరవై రూపాయలు ఎక్కువిచ్చే ఇంకో యూనిట్‌కు ఆమె వెళ్లిపోతే, ఏం పోయిందో యజమానికి మూడో నెలలో ఫోన్లు మొదలయ్యాక గానీ తెలియదు.

పైన చెప్పిన బ్యాచ్ పుస్తకంలో ‘ఎవరు కలిపారు’ అన్న గడి అందుకే ఉండాలి. అందులో కూలీల సంఖ్య వేస్తే చాలదు, మనిషి పేరు రాయాలి. మూడు వేసవులు బాగా నిలిచిన బ్యాచ్‌ల పక్కన ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే, ఆమెకు కలిపే పనితో పాటు నేర్పే పని కూడా ఇచ్చి, దానికి వేరే రేటు కట్టాలి.